నాడెకు మొదటి తాంబూలం

ఫిలిప్పీన్స్ పాఠం వచ్చిందంటే నాకు ముందే చిరాకు మొదలవుతుంది. పాఠం కష్టమని కాదు. పిల్లలు అడగబోయే ప్రశ్న ముందే తెలుసు, దానికి నా దగ్గర జవాబు లేదన్న సంగతీ ముందే తెలుసు. ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి బతుకుతున్నదాన్ని. జవాబు లేదని క్లాసులో ఒప్పుకోవడం నాకు నామోషీ. అందుకని ప్రతి ఏడాదీ ఆ పాఠాన్ని గంట కొట్టేదాకా సాగదీస్తాను.

కథ మాత్రం బాగుంటుంది. స్పెయిన్ వాళ్ళు మూడు వందల ఏళ్ళకు పైగా ఏలిన దీవులు అవి. అక్కడ పెద్ద పెద్ద చెరకు తోటలున్న ఇళ్ళు కొన్ని. ఆ ఇళ్ళవాళ్ళు కొడుకులను ఓడ ఎక్కించి, తమను ఏలేవాళ్ళ దేశానికే పంపి చదివించారు. చదువుకున్న కొడుకులు కోట్లు తొడుక్కుని తిరిగొచ్చి హక్కులు కావాలన్నారు. మొదట అడిగింది స్వాతంత్ర్యం కూడా కాదు, మమ్మల్ని మీతో సమానంగా చూడండి అని. ఈలోగా పట్నంలో గుమాస్తాలూ కూలీలూ కత్తులు పట్టుకుని తిరగబడ్డారు. కోట్లవాళ్ళలో చాలామంది మాకేం సంబంధం లేదని చేతులు దులుపుకున్నారు. తిరుగుబాటు నిలబడేలా కనిపించాక మెల్లగా వచ్చి చేరారు. చేరీ చేరగానే కొత్త ప్రభుత్వంలో ముందు వరస కుర్చీలు వాళ్ళవే అయ్యాయి.

తర్వాత అమెరికా వచ్చింది. కొందరు నిజంగానే పోరాడి, పట్టుబడి, సముద్రం మధ్య ఏదో దీవిలో ప్రవాసం అనుభవించారు. ఇంకొందరు కొత్త దొరల కౌన్సిళ్ళలో కూర్చున్నారు. ఆ తర్వాత యుద్ధంలో జపాను వచ్చింది. మళ్ళీ అవే ఇళ్ళు, మళ్ళీ కుర్చీలు. యుద్ధం ముగిశాక దేశద్రోహం కేసులు పెట్టారు. మేం కూర్చోకపోతే అంతకన్నా చెడ్డవాళ్ళు కూర్చునేవాళ్ళు, జనాన్ని కాపాడడానికే కూర్చున్నాం అని వాళ్ళు చెప్పుకున్నారు. కొన్నాళ్ళకు క్షమాభిక్ష వచ్చింది, ఆపైన ఎన్నికలు వచ్చాయి. గెలిచిందెవరో నేను చెప్పకముందే పిల్లలు నవ్వుతారు. మన పిల్లలకు ఆ మాత్రం లోకజ్ఞానం ఉంది.

ఈ ఏడు నవ్వని పిల్ల ఒకతి ఉంది. హాలహర్వి పక్క నుంచి వస్తుంది. అమ్మానాన్నా ఏటా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు, ఈ పిల్ల అవ్వ దగ్గర ఉండి చదువుకుంటుంది. పాఠం అయ్యాక లేచి నిలబడింది.

"మేడమ్, వాళ్ళు దేశద్రోహులా, కాదా?"

"రెండు వైపులా రాయి. మార్కులు వస్తాయి."

"మార్కులకు కాదు మేడమ్. మీరేమంటారు?"

డస్టరు తీసుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టాను. గంట కొట్టారు. ఆ పిల్ల నన్ను వదిలిపెట్టినట్టు కూర్చుంది గానీ, నాకు మాత్రం పట్టుబడ్డట్టే ఉంది.

ఆ మధ్యాహ్నమే ఎమ్మిగనూరు నుంచి మేనత్త ఫోన్ చేసింది. మా నాన్నకు అక్క. తొంభైకి దగ్గర పడింది, గొంతు మాత్రం ఇప్పటికీ వీధి చివరిదాకా వినిపిస్తుంది. కొడుకు బట్టల అంగడి మీద మేడలో ఉంటుంది. చేనేతవాళ్ళ కొత్త కల్యాణ మండపం తయారైందనీ, ప్రారంభం రోజు మా జేజినాయన ఫోటో అందులో పెడతారనీ, నేను వచ్చి ఆయన గురించి మాట్లాడాలనీ చెప్పింది. జేజినాయన అంటే నాకు తాత, ఆమెకు తండ్రి. మండపం కట్టిన జాగా ఒకప్పుడు ఆయన ఇచ్చిందే.

"దేశభక్తుడని సెప్పల్లమ్మీ. అందరికీ ఇనపడేటట్టు సెప్పల్ల."

"వస్తాను కానీ, ఏం చెప్పాలో అక్కడికొచ్చి చూస్తా అత్తా" అన్నాను.

"సూసేదేముండాది? హిస్టరీ టీచరువి కదే నువ్వు" అని పెట్టేసింది.

ఆదివారం బస్సెక్కాను. దారి పొడవునా పత్తి కట్టె పీకేసిన చేలు, ఎర్రమట్టి, మధ్య మధ్య జిన్నింగు మిల్లుల ముందు దూది ఎగిరి ముళ్ళకంపలకు పట్టుకుని ఉంది. నాకు ఈ దారంటే ఇష్టం. ఎండకు కళ్ళు చిట్లించుకుని కూర్చుంటే ఎవరూ పలకరించరు, ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక. జేజినాయనను నేను చూడలేదు. నాకు తెలిసింది ఇంట్లో చెప్పుకునే నాలుగు మాటలే. పెద్ద సావుకారు, మగ్గాలవాళ్ళకు నూలు ఇచ్చి బట్ట కొనేవాడు, జెండా పండగ రోజు వీధిలో అందరికీ మిఠాయి పంచాడు.

అత్త ఇంట్లో బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు ముందు పెట్టి, అవి నోట్లో ఉండగానే ఫోటో తెచ్చి ఒళ్ళో పెట్టింది. పెద్ద ఫ్రేము. ఆదోనిలో ఏదో స్టూడియోలో కొత్తగా చేయించింది. పాత ఫోటో నేను ఎరుగుదును, అందులో జేజినాయన నల్ల కోటు, జరీ పాగా, ఛాతీ మీద తెల్లదొరలిచ్చిన పతకంతో ఉంటాడు. యుద్ధం చందాలకు గాను ఇచ్చిన ఆ పతకాన్ని ఇంట్లో మెడలు అంటారు. ఇప్పుడు స్టూడియోవాడు కంప్యూటర్లో కోటు విప్పించి తెల్లటి ఖద్దరు జుబ్బా తొడిగాడు. పాగా తీసేసి గాంధీ టోపీ పెట్టాడు. అంతా బాగానే ఉంది. జుబ్బా మీద, సరిగ్గా గుండెకాయ దగ్గర, మెడలు మాత్రం అలాగే వేలాడుతోంది.

బజ్జీ గొంతుకు అడ్డం పడింది. దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ చూసి పగలబడి నవ్వాను.

"అత్తా, ఈయన ఖద్దరు ఎప్పుడు కట్టినాడు?"

"జెండా పండగకు కట్టలేదా?"

"అది స్వాతంత్ర్యం వచ్చినాక కదా."

"వచ్చినాకైనా కట్టినాడు కదా! కొందరు అప్పుడు గూడా కట్టలేదు."

"సరే. మరి ఈ మెడలేంది?"

"స్టూడియో పిల్లోడు తీసేస్తానన్నాడు. నేనే వద్దంటి. మా నాయన దాన్ని రోజూ గుడ్డతో తుడిచి పెట్టుకునేటోడు. దాన్ని తీసేస్తే ఆయన మనసు ఎట్లుంటాది?"

నవ్వు ఆపుకోలేక నేను ఫిలిప్పీన్స్ సంగతి ఎత్తాను. అక్కడ కూడా ఇలాగే, ఒక జెండా మోసిన చేత్తోనే ఇంకో జెండా మోశారని, ఏ దొర వచ్చినా ఆ ఇళ్ళు చెక్కు చెదరలేదని చెప్పాను. అత్త శ్రద్ధగా విన్నది.

"ఆ దేశంలో గూడా మనోళ్ళ మాదిరి తెలివైనోళ్ళు ఉండారన్న మాట" అంది.

నాకు ఒళ్ళు మండింది. తెలివి గురించి కాదు, నమ్మకం గురించి మాట్లాడుతున్నాను అన్నాను. ఎవరికి కట్టుబడి ఉన్నారన్నది ముఖ్యం అన్నాను. అత్త కూడా కస్సుమంది. "నువ్వు యా దొర కిందా బతకలేదు. నీకేం, ఎన్నైనా సెప్తావు" అని మొహం తిప్పుకుంది. ఆ మాట నిజమే. అందుకే ఇంకా కోపం వచ్చింది.

అంతలో మండపం కమిటీ పెద్దాయన మేడ మెట్లెక్కి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు మగ్గం నేసినవాడు, ఇప్పుడు కొడుకులు రెడీమేడ్ దుస్తుల పనిలో ఉన్నారు. వరసకు నేను చిన్నాయనా అంటాను. అత్తను ఆయన అక్కా అంటాడు. ఫోటో చూసి ఆయన కూడా నవ్వాడు, కానీ నాలాగా ఎగతాళిగా కాదు.

"ఇదే పెడదాం అక్కా. కోటు ఫోటో పెడితే అబద్ధం, ఒట్టి జుబ్బా పెట్టినా అబద్ధమే. ఇది బాగుండాది" అన్నాడు.

ఆ మాటకు అత్త మొహం వెలిగింది. ధైర్యం వచ్చినట్టుంది, చీర సర్దుకుని కూర్చుని, అసలు అడగాలనుకున్నది అప్పుడు అడిగింది.

"తమ్ముడా, ఆ పొద్దు మొదటి తాంబూలం మా ఇంటికి ఇయ్యండప్పా. ఒక్కసారి. నేను పోయేలోగా."

చిన్నాయన నవ్వు ఆగిపోయింది.

ఇక్కడ మా వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. వేరే ఊళ్ళల్లో పెళ్ళిలో మొదటి తాంబూలం కులపెద్దకో, పెద్దింటికో ఇస్తారు. మా వీధిలో నాడెకు ఇస్తారు. నాడె అంటే మగ్గం మీద పోగును ఇటు నుంచి అటు తీసుకుపోయే చెక్కముక్క, పడవ ఆకారంలో జానెడు ఉంటుంది. ముందు వరసలో ఒక కుర్చీ వేసి, దాంట్లో నాడెను కూర్చోబెట్టి, పసుపూ కుంకుమా పెట్టి, మొదటి తాంబూలం దాని ముందు ఉంచుతారు. ఆ తర్వాతే మనుషులకు. ఇప్పుడు మగ్గాలు సగం మూలన పడ్డా, పెళ్ళిళ్ళు ఫంక్షన్ హాళ్ళకు పోయినా, ప్లాస్టిక్ కుర్చీలో నాడె మాత్రం దర్జాగా కూర్చునే ఉంటుంది. మేం పని పట్ల భక్తితో అలా చేస్తామని నేను చిన్నప్పటి నుంచీ గర్వపడేదాన్ని. కాలేజీలో ఒకసారి దాని మీద ప్రసంగం కూడా చేశాను, చప్పట్లు బాగానే పడ్డాయి.

"ఆ పద్ధతి మార్చడమెందుకు అత్తా? నాడెకు ఇయ్యడమే అందం కదా" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. చిన్నాయన గొంతు సవరించుకున్నాడు.

"నీకు ఎవరూ సెప్పలేదామ్మా? అది మీ జేజినాయన మింద కోపంతో పెట్టిన పద్ధతి."

ఆయన చెప్పింది ఇది. యుద్ధం రోజుల్లో నూలు బజారులో దొరికేది కాదు. సర్కారు లైసెన్సు ఉన్నవాళ్ళకే మిల్లు నూలు వచ్చేది. మా వీధి మగ్గాలన్నిటికీ ఆ లైసెన్సు మా జేజినాయనది. క్విట్ ఇండియా గొడవల్లో వీధిలో కొందరు నేతగాళ్ళు జెండా పట్టుకుని ఊరేగి దెబ్బలు తిన్నారు, కొందరు జైలుకు పోయారు. ఆఫీసరు ఒకాయన జేజినాయనను పిలిపించి, ఆ ఇళ్ళకు నూలు పోయిందంటే నీ లైసెన్సు ఉండదన్నాడు. జేజినాయన ఆ ఇళ్ళకు నూలు ఆపేశాడు. పండగ పోయింది, చలికాలం పోయింది, ఆ మగ్గాలు ఆడలేదు.

"మా ఇల్లు గూడా ఆ ఇండ్లల్లో ఒకటి" అన్నాడు చిన్నాయన. "సావుకారును ఎదిరించే బలం యాడుండాది? ఏం సేయాల్నో తెల్దు. అప్పుడు వీధిలో ఒక పెండ్లి వచ్చింది. అంతకుముందు మొదటి తాంబూలం ఎప్పుడూ ఆయనదే. ముందు వరసలో కోటేసుకోని కూసున్నాడు. పళ్ళెం ఆయన దాంకా వచ్చింది, ఆయన సెయ్యి గూడా సాపినాడంట. మా పెద్దోళ్ళు పళ్ళెం ఆపకుండా దాటిపోయి, మూలనున్న ఒక నాడెను తెచ్చి కుర్చీలో పెట్టి దానికిచ్చినారు. నూలు లేకున్నా మాకు నాడె ఉండాది పో అని."

నేను అత్త వైపు చూశాను. ఆమె కిటికీ బయటికి చూస్తోంది.

"నేను ఆడే ఉంటి" అంది. "ఆయన ఒళ్ళో కూసోనుంటి. అంతమందిలో ఆయన మొహం మాత్రం మారలేదు. తొడ వణికింది. నాకు కింద తెలుస్తాంది."

ఆ తర్వాత ఆయన ఆ వీధి పెళ్ళిళ్ళకు పోలేదట. కానుకలు పంపేవాడు, తను పోయేవాడు కాదు. అత్త మాత్రం అన్ని పెళ్ళిళ్ళకూ పోయింది, ప్రతి పెళ్ళిలోనూ నాడెకు తాంబూలం ఇస్తుంటే చూస్తూ కూర్చుంది. ఆ పక్కనే కూర్చుని నేను చప్పట్లు కొట్టి ఉంటాను. ఆ తలపు వచ్చేసరికి నాకు కూర్చోబుద్ధి కాలేదు, లేచి నీళ్ళ చెంబు తీసుకొచ్చే నెపంతో వంటింట్లోకి పోయి నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి అత్త తన తండ్రి తరఫున వాదిస్తోంది. లైసెన్సు పోతే ఆ కొన్ని ఇళ్ళే కాదు, వీధి వీధంతా పస్తులుండేది కదా అంటోంది. పైగా మా జేజి, అంటే ఆమె తల్లి, ఆ ఇళ్ళకు పెరటి వైపు నుంచి జొన్నలు పంపించింది, అది జేజినాయనకు తెలియకుండా జరిగిందా అంటోంది.

"జొన్నలు వచ్చినాయి అక్కా, నేను కాదన్లేదు" అన్నాడు చిన్నాయన. "మా నాయన తిన్నాడు. తినకుంటే ఏం సేస్తాడు, పిల్లలుండారు. తిన్నందుకు మళ్ళా సచ్చేదాంకా కుమిలిపోయినాడు. జొన్నలు రాకపోయింటే కడుపారా తిట్టుకోనన్నా ఉండేటోడు. ఆ తిట్టు గూడా లేకుండా సేసినారు మీరు."

పెద్దింటి దయ ఎంత పని చేస్తుందో నేను ఏ పుస్తకంలోనూ అంత సూటిగా చదవలేదు. ఆ దీవుల్లో తోటలవాళ్ళు కూడా పండక్కి కూలీలకు బియ్యం పంచి ఉంటారు. జనం ఎందుకు మళ్ళీ మళ్ళీ వాళ్ళకే ఓటు వేశారని నా పిల్లలు ప్రతి ఏడాదీ నవ్వుతారు, నేనూ వాళ్ళతో నవ్వుతాను. నవ్వే విషయం కాదేమో అనిపించింది.

చివరికి చిన్నాయన తాంబూలం సంగతి తేల్చాడు. ఇది తనొక్కడి చేతిలో లేదు, ఆ ఇళ్ళవాళ్ళందరూ ఇంకా వీధిలోనే ఉన్నారు. వాళ్ళు అడిగేది పెద్దదేం కాదు.

"మీ ఇంటి నుంచి ఒక్క మాట రావాల అక్కా. నూలు ఆపింది తప్పేనని సభలో అంటే, మొదటి తాంబూలం మీదే. అనకుంటే నాడెకే. అంతే."

"మా నాయన మింద నేను మాట అనాల్నా?" అంది అత్త. ఆయన దండం పెట్టి మెట్లు దిగిపోయాడు.

నేను అంటాను అత్తా, నీకెందుకు శ్రమ, అన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు అంటే నేను అన్నట్టే. అనొద్దు. అననని నా సేతిలో సెయ్యేసి సెప్పు." వేశాను. ముసలామె చేతిలో చెయ్యేసి చెప్పకుండా ఎలా ఉంటాను.

ఆదోనికి వచ్చి ప్రసంగం రాసుకోవడానికి కూర్చుంటే ఒక్క వాక్యం సరిగా రాలేదు. జాగా ఇచ్చాడు, నిజం. మిఠాయి పంచాడు, నిజం. ఏ ఒక్క నిజం రాసినా దాని వెనక రాయనిది నిలబడి నన్ను చూస్తోంది. ఆయన భయపడ్డాడని తెలుస్తూనే ఉంది, నేనైనా భయపడేదాన్నేమో. అయితే భయపడినవాళ్ళందరికీ ఛాతీ మీద మెడలు రాదు. ఇలా ఎటూ తేలక, చివరికి చేనేత గొప్పదనం, మండపం అందం, దాతల ఔదార్యం అంటూ ఉప్పూ కారం లేని ప్రసంగం ఒకటి సిద్ధం చేసుకున్నాను. దాన్ని చదువుకుంటే నాకే సిగ్గేసింది.

ప్రారంభం రోజు మండపం కిక్కిరిసిపోయింది. కొత్త సున్నం వాసన, పెద్ద ఫ్యాన్లు, తలుపు బయట గుట్టగా చెప్పులు. జేజినాయన గోడ మీద జుబ్బాతో, మెడలుతో ఉన్నాడు. ఎవరూ నవ్వడం లేదు, ఎవరూ పెద్దగా పట్టించుకోవడమూ లేదు. ముందు వరసలో ఒక కుర్చీలో నాడె కూర్చుని ఉంది. దానికి ఇవతల రెండు కుర్చీల్లో అత్తా నేనూ.

అత్త పక్క కుర్చీలో ఇంకో ముసలామె వచ్చి కూర్చుంది. అత్త ఈడుదే. చిన్నప్పుడు ఇద్దరూ అచ్చనగాయలు ఆడుకున్నారట. నూలు ఆగిన ఇళ్ళల్లో వాళ్ళదీ ఒకటని నాకు తెలుసు. చేతులు పట్టుకుని మోకాళ్ళ నొప్పుల గురించీ, కోడళ్ళ గురించీ చెప్పుకున్నారు. ఆ మాటల్లోనే ఆమె, దెప్పిపొడుపేమీ లేకుండా, వానల గురించి చెప్పినట్టు చెప్పింది.

"ఆ ఏడే కదా మా సంటోడు పోయింది. మా తమ్ముడు. అమ్మకు తిండి లేక పాలు పడలేదు."

"మా అమ్మ జొన్నలు పంపిచ్చింది కదే" అంది అత్త.

"పంపిచ్చింది, అప్పటికే అమ్మకు పాలు ఎండిపోయినాయి. సంటిబిడ్డకు జొన్నలు ఏం సేసుకుంటాం?"

అత్త ఆమె చెయ్యి వదిలేసింది. "నాకు తెల్దే" అంది తర్వాత. "నిజంగా తెల్దే."

"నీకెట్ల తెలుస్తాది, నువ్వూ పిల్లవే కదా" అని ఆమె అత్త భుజం మీద చెయ్యి వేసింది.

వేదిక మీద ఎవరో మాట్లాడుతున్నారు. తర్వాత నా పేరు పిలుస్తారు, ఆ తర్వాత తాంబూలాలు. అత్త నా మోచెయ్యి పట్టి దగ్గరికి లాక్కుంది.

"నువ్వు సెప్పమ్మీ. సేతిలో సెయ్యేసింది నేను తీసేస్తాండాను. అంతా సెప్పు."

"నువ్వే చెప్పొచ్చు కదా అత్తా."

"నేను సెప్పలేను. ఆయన నీకు నాయన కాదు. నువ్వు సెప్పగలవు." కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. "నేను బయట ఉంటా. నా సెవిన పడగూడదు."

అంతమంది చూస్తుండగా, ఒక్కో కుర్చీ వీపు పట్టుకుంటూ, మెల్లగా నడుచుకుంటూ తలుపు దాటి పోయింది. ఎండలో, చెప్పుల గుట్ట పక్కన, మండపానికి వీపు తిప్పి నిలబడింది. కొంగు రెండు చెవుల మీదుగా లాక్కుంది.

మైకు ముందుకు పోయాను. రాసుకొచ్చిన కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకున్నాను. ఎక్కువసేపు మాట్లాడలేదు. ఈ జాగా మా జేజినాయన ఇచ్చాడని చెప్పాను. ఆయన తెల్లదొరలకు భయపడ్డాడని, లైసెన్సు కోసం ఈ వీధిలో కొన్ని ఇళ్ళకు నూలు ఆపాడని, ఆ ఇళ్ళు దేశం కోసం దెబ్బలు తిన్న ఇళ్ళని చెప్పాను. వీధిని కాపాడానని ఆయన అనుకుని ఉండొచ్చు, కొంత కాపాడాడేమో కూడా, కానీ ఆ కాపాడిన ఖరీదు తను కట్టలేదు, మీ ఇళ్ళు కట్టాయని, ఒక ఇంట్లో పసిబిడ్డ ప్రాణంతో కట్టిందని చెప్పాను. అది తప్పు అన్నాను. మా ఇంటి తరఫున అంటున్నాను అన్నాను. అంతటితో ఆపేశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టి ఉంటే తట్టుకునేదాన్ని కాదు.

దిగి నేరుగా బయటికి పోయాను. అత్త అలాగే నిలబడి ఉంది. భుజం తట్టితే కొంగు తీసింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది అత్తా."

"మా నాయనను తిట్టినావా?"

"తిట్టలేదు. జరిగింది చెప్పినాను, అంతే."

"అదే కదనే తిట్టు" అంది.

ఆమెను లోపలికి తీసుకుపోదామని చెయ్యి పట్టుకున్నాను. అంతలో చిన్నాయనే పళ్ళెం పట్టుకుని, నాడె కుర్చీ దగ్గర ఆగకుండా, గడప దాటి ఎండలోకి వచ్చాడు. లోపల కుర్చీలవాళ్ళందరూ ఇటు తిరిగి చూస్తున్నారు. తమలపాకులూ వక్కా అరటిపండూ తీసి పట్టుకున్నాడు. అత్త కొంగు చాపింది. కొంగును కింది నుంచి నేను పట్టుకున్నాను. ఆయన తాంబూలం అందులో వేసి, వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టి లోపలికి పోయాడు.

అత్త కొంగులోకి చూసింది.

"ఇది మా నాయనకు వచ్చింది కాదులే" అంది. "ఆయన్ను తిట్టినందుకు నాకు వచ్చింది."

అని, రెండు చేతులతో కొంగు బిగించి ముడి వేసుకుంది.